నీళ్ళలో కలిసిన మలం ఎవరిది? గణాంకాలతో మూలం పట్టుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

హెచ్‌టూఎస్ సీసా చాలామందికి తెలిసే ఉంటుంది. గీత వరకు నీళ్ళు పోసి ఒకటి రెండు రోజులు వెచ్చగా ఉన్నచోట పెడితే, మలం కలిసిన నీళ్ళు నల్లబడతాయి. మన దేశ శాస్త్రవేత్తలు 1982లో ప్రపంచానికి చూపించిన చవకైన పరీక్ష ఇది. ఒకసారి ఒక ఊళ్ళో కిటికీ గట్టు మీద తొమ్మిది సీసాలు వరసగా పెట్టాం. తెల్లారి చూస్తే ఆరు సీసాలు తారులా నల్లగా ఉన్నాయి. బోరింగు పక్కింటి పెద్దావిడ వచ్చి వాటిని ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకుని చూసింది. "ఎవరిది నాయనా ఈ మురికి? మాదా, గొడ్లదా?" అని అడిగింది.

ఆ ప్రశ్నకు సీసా దగ్గర జవాబు లేదు. ఈ.కోలై పరీక్ష దగ్గరా లేదు, ఎందుకంటే ఈ.కోలై మనిషి పేగుల్లోనూ ఉంటుంది, గేదె పేగుల్లోనూ ఉంటుంది, కోడి పేగుల్లోనూ ఉంటుంది. కానీ జవాబు కావాలి. మరుగుదొడ్డి గుంత కారుతోంటే దాన్ని బాగు చేయాలి. గొడ్లు తొట్టి దగ్గర తొక్కుతోంటే కంచె వేయాలి. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే డబ్బు పోతుంది, జబ్బు పోదు. పైగా టైఫాయిడ్ మనిషి నుంచి మనిషికే వస్తుంది కాబట్టి, మనుషుల మలం అని తేలితే తొందర ఇంకా ఎక్కువ. అందుకే ఈ పద్ధతిని అడుగు అడుగునా రాస్తున్నాను. ప్లస్‌లు, గుణకారాలు వచ్చినవాళ్ళు ఎవరైనా చాలా భాగం కాగితం మీదే చేయొచ్చు.

ముందు ఒక పాత లెక్క

ఈ పనికి మూలపురుషుడు డాక్టర్ జాన్ స్నో. 1854లో లండన్‌లో కలరా. దక్షిణ లండన్‌లో అవే వీధుల్లో రెండు కంపెనీల పైపులు పక్కపక్కనే వెళ్ళేవి. లాంబెత్ కంపెనీ 1852లోనే థేమ్స్ నది పైభాగానికి మారి శుభ్రమైన నీళ్ళు తోడుతోంది. సదర్క్ అండ్ వాక్స్‌హాల్ కంపెనీ మాత్రం ఊరి మురుగు కలిసే చోటే తోడుతోంది. నీళ్ళ బిల్లు ఇంటి యజమాని కట్టేవాడు కాబట్టి, అద్దెకున్నవాళ్ళకు తమ నీళ్ళు ఏ కంపెనీవో తెలిసేది కాదు. స్నో ఏం చేశాడంటే, వాళ్ళింటి నీళ్ళలో సిల్వర్ నైట్రేట్ వేసి చూశాడు. ఉప్పు ఉంటే తెల్లటి అవక్షేపం వస్తుంది. మురికి కంపెనీ నీళ్ళలో గ్యాలన్‌కు 37.9 గ్రెయిన్‌ల (గ్రెయిన్ అంటే చిన్న పాత తూకం) ఉప్పు, శుభ్రమైన కంపెనీ నీళ్ళలో 0.95 గ్రెయిన్ మాత్రమే. అంటే 40 రెట్ల తేడా, పొరపాటు పడే అవకాశమే లేదు.

తర్వాత చావులు లెక్కపెట్టాడు. మురికి కంపెనీ కింద 40,046 ఇళ్ళు, 1,263 చావులు. లాంబెత్ కింద 26,107 ఇళ్ళు, 98 చావులు. పదివేల ఇళ్ళకు లెక్క కడితే 315, 37.

మనం చేయబోయేది కూడా ఈ రెండే: మూలాన్ని బట్టి మారే ఒక గుర్తు వెతకడం, ఆ గుర్తుతో పోల్చి లెక్క కట్టడం. పోలిక లేని లెక్క ఎంత పెద్దదైనా దేనికీ పనికిరాదు.

అడుగు 1: సీసా ముట్టుకోకముందు చింతపిక్కలు పంచండి

ముందు ఊరంతా నడవండి. మ్యాప్ చేత్తో గీసినా చాలు. ట్యాంకు, బోర్లు, మరుగుదొడ్డి గుంతలు, గొడ్ల చావిళ్ళు, పెంటకుప్పలు, మురుగు కాలవలు, పైపు కాలవను దాటే ప్రతి చోటు గుర్తించండి. వాల్వ్ గుంతల మూతలు తప్పకుండా ఎత్తి చూడండి. రోజుకు గంటో రెండు గంటలో నీళ్ళు వదిలే ఊళ్ళలో, నీళ్ళు ఆపిన తర్వాత పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు వాల్వ్ గుంతలో నిలిచిన మురుగును పగులు ఉన్న పైపు లోపలికి లాక్కుంటుంది. ట్యాంకు శుభ్రంగా ఉండి కొళాయి మురికిగా ఉందంటే నేను మొదట అనుమానించేది దీన్నే.

ఇప్పుడు 20 చింతపిక్కలు తీసుకుని, ఊరివాళ్ళతో కూర్చుని, ప్రతి అనుమానానికీ ఎన్ని పిక్కలో పెట్టించండి. మనుషుల మలం 4, గొడ్లు 10, వానకు కొట్టుకొచ్చే నేల మురికి 6, ఇలా. దీన్నే గణాంకశాస్త్రంలో పూర్వ సంభావ్యత అంటారు. 20లో 4 అంటే 20 శాతం. ఫలితాలు వచ్చాక ఈ అంకె మార్చకూడదు, అందుకే తేదీ వేసి సంతకాలు పెట్టించండి. ఫలితం చూశాక "నాకు ముందే తెలుసు" అనేవాళ్ళు ప్రతిచోటా ఉంటారు. ఆ మాట మన లెక్కలోకి దూరకుండా ఈ కాగితం ఆపుతుంది.

అడుగు 2: శాంపిల్ తీయడం

ఒక్క సీసాతో తీర్పు చెప్పకండి. ప్రతి అనుమానిత చోటుకూ జతగా తీయండి: ఆ చోటుకు ఎగువన ఒకటి, దిగువన ఒకటి, ఒకే పూట. కనీసం ఎనిమిది రోజులు, అందులో రెండైనా వాన పడిన రోజులు ఉండాలి. నీళ్ళు వదిలిన మొదటి ఐదు నిమిషాల్లో ఒకటి, అరగంట తర్వాత ఒకటి తీస్తే పైపు పగులు సంగతి చాలావరకు బయటపడుతుంది.

క్లోరిన్ కలిపిన నీళ్ళయితే సీసాలో సోడియం థయోసల్ఫేట్ ఉండాలి. లేదంటే దారిలోనే క్లోరిన్ సూక్ష్మజీవుల్ని చంపేసి, మురికి నీళ్ళు కూడా శుభ్రంగా కనబడతాయి. ఐసు పెట్టెలో పెట్టి వీలైతే ఆరు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లో ల్యాబ్‌కు చేర్చండి. రోజూ ఒక సీసాలో శుభ్రమైన స్టెరైల్ నీళ్ళు పోసి మిగతా వాటితోపాటే తిప్పండి. దాంట్లో కూడా సూక్ష్మజీవులు వచ్చాయంటే మురికి మన చేతిదే, ఆ రోజు శాంపిళ్ళన్నీ పక్కన పెట్టాల్సిందే.

అడుగు 3: వచ్చిన అంకెను అర్థం చేసుకోవడం

ల్యాబ్ నుంచి "ఎంపీఎన్ 16" అని కాగితం వస్తుంది. ఎంపీఎన్ అంటే లెక్క ప్రకారం ఉండటానికి ఎక్కువ అవకాశమున్న సంఖ్య. దీన్ని 100 మిల్లీలీటర్లలో పదహారు సూక్ష్మజీవులు లెక్కపెట్టారని చాలామంది అనుకుంటారు. ఎవరూ లెక్కపెట్టలేదు. ఐదు గొట్టాల్లో పదేసి మిల్లీలీటర్ల నీళ్ళు పోశారు, నాలుగింటిలో పెరుగుదల కనబడింది, ఒకటి ఖాళీగా ఉంది, అంతే. ఐదింట ఒకటి ఖాళీ అంటే 0.2. పాయిజాన్ సూత్రం ప్రకారం ఒక గొట్టం ఖాళీగా ఉండే సంభావ్యత, ఆ నీళ్ళలోని సగటు సంఖ్యను బట్టి ఇలా ఉంటుంది: e (2.718 అనే గణిత స్థిరాంకం) పవర్ మైనస్ సగటు. 0.2కు సహజ లాగ్ తీస్తే మైనస్ 1.61. అంటే పది మిల్లీలీటర్లకు సగటున 1.61, వంద మిల్లీలీటర్లకు 16.

ఈ 16కు పట్టికల్లో ఇచ్చే 95 శాతం విశ్వాస అంతరం, అంటే అసలు అంకె ఉండగలిగే హద్దులు, 3.3 నుంచి 52.9 దాకా ఉంటుంది. కాబట్టి ఎగువన 9.2, దిగువన 16 వచ్చిందని "చూశారా, పెరిగింది" అంటే అది తప్పు. ఆ తేడా ఒక్క గొట్టం తేడా మాత్రమే. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై అసలు కనబడకూడదు. అక్కడ 9 వచ్చినా 16 వచ్చినా తాగకూడదనే తీర్పు ఒకటే. మూలం వెతికేటప్పుడు మాత్రం ఈ అంతరాలు చూడకుండా ఒక్క అడుగు కూడా వేయకండి.

సగటు విషయంలో కూడా జాగ్రత్త. నాలుగు రోజుల ఫలితాలు 10, 20, 40, 8,000 అనుకోండి. అంకమధ్యమం 2,017. నాలుగు రోజుల్లో ఒక్క రోజుకైనా ఆ అంకె సరిపోతుందా? గుణమధ్యమం తీస్తే, అంటే నాలుగింటినీ గుణించి నాలుగో మూలం తీస్తే, 89. సూక్ష్మజీవుల లెక్కలు రెట్లలో పెరుగుతాయి కాబట్టి లాగ్ తీసి పని చేయడమే పద్ధతి. అయితే ఆ 8,000ను పారేయకండి. ఆ రోజు వాన పడిందా, పైపు పగిలిందా, జాతరేమైనా ఉందా అని నోట్‌బుక్‌లో చూడండి. చాలాసార్లు మూలం ఆ ఒక్క రోజు వివరాల్లోనే దొరుకుతుంది.

"కనబడలేదు" అని వచ్చిన చోట సున్నా వేయకండి. అది "కొలవగలిగిన హద్దుకంటే తక్కువ" అనే అర్థం. లాగ్‌కు సున్నా పనికిరాదు కూడా. అలాంటివి ఎక్కువగా ఉంటే సగటు వదిలేసి, ఎన్ని రోజులు దొరికింది, ఎన్ని రోజులు దొరకలేదు అన్నదే పోల్చండి.

అడుగు 4: ఎగువా దిగువా పోలిక, ఐదు నిమిషాల పరీక్ష

కంప్యూటర్ లేకుండా చేయగలిగిన నిజాయితీ గల పరీక్ష ఇది. జతగా తీసిన ఎనిమిది రోజుల్లో దిగువన ఎక్కువ వచ్చిన రోజులు ఎన్ని? ఆ చోటు వల్ల ఏ తేడా లేకపోతే రోజూ బొమ్మా బొరుసూ వేసినట్టే ఉండాలి. ఎనిమిదికి ఎనిమిది రోజులూ దిగువనే ఎక్కువ వచ్చే అవకాశం 256లో 1, అంటే అర శాతం కూడా లేదు. ఏడు లేదా అంతకన్నా ఎక్కువ రోజులు వచ్చే అవకాశం 256లో 9, అంటే 3.5 శాతం. ఆరు రోజులకు దిగితే 256లో 37, అంటే 14 శాతం. అది అదృష్టవశాత్తూ కూడా రావొచ్చు, ఇంకొన్ని రోజులు శాంపిళ్ళు తీయాలి.

ఈ పరీక్ష మురికి ఎక్కడ కలుస్తోందో చెబుతుంది. ఎవరిదో చెప్పదు.

అడుగు 5: ఎవరిది? మార్కర్, దాని వెనక బేయీస్ లెక్క

పాత పుస్తకాల్లో ఒక సులువైన సూత్రం కనబడుతుంది: మలంలో ఉండే కోలిఫారం అనే సూక్ష్మజీవుల సంఖ్యను స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవుల సంఖ్యతో భాగించు, 4 దాటితే మనుషులది, 0.7 లోపు అయితే జంతువులది. దీన్ని వాడకండి. ఈ రెండు రకాలూ నీళ్ళలో ఒకే వేగంతో చావవు, అందుకని కాలం గడిచేకొద్దీ ఆ నిష్పత్తి తనంతట తానే మారిపోతుంది. నిపుణులు ఎప్పుడో వదిలేసిన ఈ సూత్రాన్ని ఇప్పటికీ క్లాసుల్లో చెబుతున్నారంటే బాధ కలుగుతుంది.

ఇప్పుడు వాడేది బాక్టీరాయిడేలిస్ అనే పేగు సూక్ష్మజీవుల డీఎన్ఏ. ఇవి గాలి తగిలితే పెరగవు, కాబట్టి బయట నీళ్ళలో వృద్ధి చెందవు. పైగా మనిషి పేగుల్లో ఉండే రకాలకూ పశువుల పేగుల్లో ఉండే రకాలకూ తేడా ఉంటుంది. ఏ రకమో గుర్తుపట్టించే డీఎన్ఏ ముక్కనే మార్కర్ అంటారు. హెచ్ఎఫ్183 అనేది మనుషుల రకానికి ప్రసిద్ధి చెందిన మార్కర్. 2013లో ఫలితాలు వచ్చిన కాలిఫోర్నియా పోలికలో 27 ల్యాబ్‌లు, 41 పద్ధతులను మూలం చెప్పకుండా ఇచ్చిన శాంపిళ్ళ మీద పరీక్షించాయి. మనుషుల మలానికి హెచ్ఎఫ్183 ముందు వరసలో నిలిచింది. కానీ కోస్తా ఒడిశాలో పది మార్కర్లను మనిషి, ఆవు, గేదె, మేక, గొర్రె, కుక్క, కోడి మలాల మీద పరీక్షించినప్పుడు, మనుషులకు బాక్‌హమ్, పశువులకు బాక్‌కౌ అనేవి ఎంపికయ్యాయి. మనుషులూ గొడ్లూ ఒకే వాకిట్లో ఉండే చోట, అమెరికాలో గెలిచిన మార్కర్ గెలుస్తుందన్న నమ్మకం లేదు. ఒడిశా తీరానికీ శ్రీకాకుళానికీ ఎంతో దూరం లేదు కాబట్టి మనకు ఆ ఫలితం ఎక్కువ దగ్గర. అయినా మన చోట మనం పరీక్షించుకోవాల్సిందే.

ఎలా అంటే, మూలం కచ్చితంగా తెలిసిన శాంపిళ్ళు సేకరించండి. ఇక్కడి నుంచి అంకెలు లెక్క చూపించడానికి నేను వేసుకున్నవి. సెప్టిక్ ట్యాంకుల నుంచి 40 శాంపిళ్ళు తీశాం, 32లో మార్కర్ కనబడింది. పట్టుకునే శక్తి 80 శాతం. గేదెలు, ఆవులు, మేకలు, కుక్కలు, కోళ్ళ నుంచి 50 తీశాం, 5లో తప్పుగా కనబడింది. తప్పుపట్టని శక్తి 90 శాతం.

ఇప్పుడు కొళాయి నీళ్ళలో మార్కర్ దొరికింది. మనుషుల మలం ఉండే అవకాశం ఎంత? 90 శాతం అని చెప్పేవాళ్ళే ఎక్కువ. అది తప్పు. ఇలా ఆలోచించండి. ఇలాంటి ఊళ్ళు 100 ఉన్నాయనుకోండి. మన చింతపిక్కల ప్రకారం 20 ఊళ్ళలో మనుషుల మలం కలుస్తోంది. వాటిలో 80 శాతం, అంటే 16 ఊళ్ళలో మార్కర్ దొరుకుతుంది. మిగతా 80 ఊళ్ళలో మనుషుల మలం లేదు, అయినా 10 శాతం, అంటే 8 ఊళ్ళలో మార్కర్ తప్పుగా దొరుకుతుంది. మార్కర్ దొరికిన ఊళ్ళు మొత్తం 24. అందులో నిజమైనవి 16. అంటే మూడింట రెండు వంతులు, 67 శాతం.

ఇదే బేయీస్ సూత్రం. పిక్కలు 10 పెట్టి ఉంటే జవాబు 89 శాతం అయ్యేది. రెండే పెట్టి ఉంటే 47 శాతం. ఒకే ల్యాబ్ ఫలితానికి ఊరిని బట్టి ఇంత తేడా వస్తుంది కాబట్టే మొదటి అడుగులో అంత పట్టుబట్టాను.

ఇంకో రోజు తీసిన శాంపిల్‌లో కూడా దొరికితే, 67ను కొత్త పూర్వ సంభావ్యతగా పెట్టి మళ్ళీ అదే లెక్క వేయండి, 94 శాతం వస్తుంది. కానీ ఒకే బిందెలోంచి రెండు సీసాలు నింపి ఈ లెక్క వేయకూడదు. అది ఒకే సాక్షిని రెండుసార్లు పిలిచినట్టు.

ఆ 90 శాతం కూడా రాయి మీద గీత కాదు. 50లో 45 సరైనవంటే దాని 95 శాతం విశ్వాస అంతరం దాదాపు 79 నుంచి 96 దాకా ఉంటుంది. 79 వేసి లెక్కిస్తే మన 67 కాస్తా 49కి పడిపోతుంది. రిపోర్టులో ఈ రెండో అంకె కూడా రాయండి. డీఎన్ఏ పరీక్షతో ఇంకో చిక్కు ఉంది: చచ్చిన సూక్ష్మజీవి డీఎన్ఏ కూడా దొరుకుతుంది. కాబట్టి క్లోరిన్ వేసిన నీళ్ళలో మార్కర్ దొరికితే మురికి కలిసిందని అర్థం, జబ్బు వస్తుందని కాదు.

అడుగు 6: రెండు మూడు మూలాలు కలిసినప్పుడు

నిజానికి చెరువుల్లో అన్నీ కలుస్తాయి. అప్పుడు ఒక్క మార్కర్ చాలదు, నీళ్ళలోని సూక్ష్మజీవుల జాతులన్నిటి డీఎన్ఏ చదివించి, ఏ మూలం ఎంత వాటా అని లెక్కకట్టాలి. నాలుగు కొట్ల కందిపప్పు ఒకే బస్తాలో కలిస్తే, పలుకుల రంగూ పరిమాణమూ చూసి ఏ కొట్టుది ఎంత అని అంచనా వేయడం లాంటిదే ఇది.

చిన్న లెక్కతో చూద్దాం. ఒక జాతి మురుగులో 30 శాతం, పేడలో 2 శాతం ఉంది. చెరువులో 9 శాతం ఉంది. మూలాలు రెండే అనుకుంటే మురుగు వాటా 25 శాతం, పేడ 75 శాతం అని వస్తుంది. ఇక్కడితో ఆగిపోతే మోసపోతాం. ఇంకో జాతి మురుగులో 4 శాతం, పేడలో 24 శాతం ఉంది. మన జవాబు నిజమైతే చెరువులో అది 19 శాతం ఉండాలి. చూస్తే 9.5 మాత్రమే ఉంది. అంటే ఈ రెండు జాతులూ లేని మూడో మూలం ఏదో ఉందనుకోవాలి. దాన్ని కూడా తెలియని రాశిగా పెట్టి రెండు సమీకరణాలు సాధిస్తే మురుగు 28 శాతం, పేడ 35, తెలియనిది 37 శాతం అని తేలుతుంది.

2011లో వచ్చిన సోర్స్‌ట్రాకర్ అనే ప్రోగ్రామ్ చేసేది ఇదే, వేలాది జాతులతో, బేయీస్ పద్ధతిలో. "తెలియని మూలం" అనే గడి దాంట్లో మొదటి నుంచీ ఉంది. 2019లో వచ్చిన ఫీస్ట్ అదే పనిని చాలా త్వరగా చేస్తుంది. రెండూ ఉచితమే. వాడే ముందు ఒక పరీక్ష పెట్టండి: మూలం తెలిసిన శాంపిళ్ళలో ఒక్కొక్కదాన్నే దాచిపెట్టి, అది ఎక్కడిదో ప్రోగ్రామ్‌నే చెప్పమనండి. గేదె పేడను ఆవుదని పొరబడితే పెద్ద నష్టం లేదు, రెండింటికీ కంచే మందు. సెప్టిక్ ట్యాంకును పేడ అని పొరబడుతోందంటే మాత్రం దాని మాట నమ్మకండి, మూలాల శాంపిళ్ళు పెంచండి.

అడుగు 7: జబ్బు ఇప్పటికే మొదలై ఉంటే

అప్పుడు ఇదే మొదటి అడుగు. నీళ్ళకంటే ముందు మనుషుల్ని అడగాలి, జబ్బుపడనివాళ్ళను కూడా అంతే శ్రద్ధగా అడగాలి. ట్యాంకు నీళ్ళు తాగిన 60 మందిలో 24 మందికి విరేచనాలు, క్యాన్ నీళ్ళు తాగిన 50 మందిలో 5 మందికి అనుకోండి. 40 శాతం, 10 శాతం. నాలుగు రెట్ల ముప్పు.

అయితే మనుషుల జ్ఞాపకం ఎంత బలహీనమో 2011లో జర్మనీ చూసింది. ప్రమాదకరమైన ఈ.కోలై ఒకటి వ్యాపించి 50 మందికి పైగా చనిపోయారు. ముందు స్పెయిన్ దోసకాయల మీద నింద పడింది, అక్కడి రైతులు ఘోరంగా నష్టపోయారు. రోగులను అడిగితే 88 శాతం దోసకాయ తిన్నామన్నారు, మొలకలు తిన్నామన్నది 25 శాతమే. సలాడ్ మీద చల్లిన నాలుగు మొలకలు ఎవరికి గుర్తుంటాయి? అప్పుడు పరిశోధకులు దారి మార్చారు. ఒక రెస్టారెంట్‌కు వచ్చిన పది బృందాల్లోని 152 మంది ఏ వంటకం ఆర్డర్ చేశారో తీసుకుని, ఏ వంటకంలో ఏం వేస్తారో వంటవాళ్ళనే అడిగారు. 31 మందికి జబ్బు చేసింది. మొలకలు వడ్డించినవాళ్ళకు ముప్పు 14.2 రెట్లు, జబ్బుపడిన అందరి పళ్ళెంలోనూ మొలకలున్నాయి. ఆ దారి పట్టుకుని వెళ్తే ఈజిప్టు నుంచి వచ్చిన మెంతులు తేలాయి. మన పెళ్ళి భోజనాల్లోనూ ఇలాగే చేయండి. తిన్నవాళ్ళతోపాటు వంటమేస్త్రీని కూర్చోబెట్టి, పెరుగుచట్నీలో నీళ్ళు ఎక్కడివి, ఐసు ఎక్కడిది అని ఒక్కో వంటకానికీ రాసుకోండి.

అడుగు 8: ఊరికి చెప్పడం, మళ్ళీ కొలవడం

రిపోర్టులో "మూలం మరుగుదొడ్లే" అని రాయకండి. ఇలా రాయండి: "మూడో వీధి వాల్వ్ గుంత దిగువన, ఎనిమిది రోజుల్లో ఎనిమిది రోజులూ కాలుష్యం పెరిగింది. మనుషుల మలం కలిసే అవకాశం 67 శాతం, మార్కర్ మీద ఉన్న అనుమానాన్ని కలుపుకుంటే 49 దాకా తగ్గవచ్చు. పశువుల వాటా లేదని దీని అర్థం కాదు."

రచ్చబండ దగ్గర శాతాలు చెబితే ఎవరికీ ఎక్కదు, మళ్ళీ ఆ చింతపిక్కలే తీయండి. ముందు 20లో మనుషుల వైపు 4 పెట్టారు, ఇప్పుడు 13 జరిపి చూపించండి. రెండో రోజు శాంపిల్ కూడా కలిస్తే 19. ఆ పెద్దావిడ లాంటివాళ్ళు పిక్కలు జరుగుతుంటే కళ్ళార్పకుండా చూస్తారు, తర్వాత వాల్వ్ గుంత గురించి వాళ్ళే అడుగుతారు.

పైపు మార్చాక పని అయిపోయిందని అనుకోకండి. అవే రెండు చోట్ల, అదే పూట, మళ్ళీ ఎనిమిది రోజులు జతగా శాంపిళ్ళు తీయండి. అందులో కనీసం రెండు వానరోజులు పడేదాకా ఆగండి.